శనివారం బ్లాకులు

మొన్న ఒక ఫస్టియర్ పీజీ అమ్మాయి నా గదికి వచ్చింది. చేతిలో ఒక కాగితం, దాని మీద నాలుగు థీసిస్ టైటిళ్లు. "వీటిలో ఏది తీసుకోమంటారు మేడమ్?" అంది. నాలుగూ చదివాను. అన్నీ "ఎ స్టడీ ఆఫ్" అని మొదలై "ఇన్ ఎ టెర్షియరీ కేర్ సెంటర్" అని ముగుస్తాయి. ఒక్కదాని చివర కూడా ప్రశ్నార్థకం పెట్టడానికి వీల్లేదు. "ఇవి సరే, అసలు నీకేం తెలుసుకోవాలని ఉంది?" అన్నాను. సిలబస్‌లో లేనిది అడిగినట్టు చూసింది.

తప్పు ఆ పిల్లది కాదు. పన్నెండేళ్ల కిందట ఇదే చెన్నైలో నేనూ ఇలాంటి కాగితమే పట్టుకుని మా గైడ్ గది బయట నిలబడ్డాను. ఆయన అడిగింది ఒక్కటే, "బ్లాకులు ఉన్నాయా?" ఉన్నాయన్నాను. టైటిల్ ఖాయమైపోయింది. మా పాథాలజీలో పరిశోధన ఎక్కువసార్లు పుట్టేది బుర్రలోంచి కాదు, బీరువాలోంచి. ఏ బ్లాకులు ఎక్కువ పోగుపడి ఉంటే థీసిస్ వాటి మీద.

మా శాఖ గురించి తెలియని వాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. గూడూరులో మా పెద్దమ్మ ఇప్పటికీ నన్ను రక్తం తీసే డాక్టరనే అనుకుంటుంది, "అంత చదివి మందు రాయవా తల్లీ?" అని జాలిపడుతుంది కూడా. మందు రాయం. ఏ మందు రాయాలో చాలాసార్లు మా రిపోర్టు చెబుతుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్క, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో మునిగి మా దగ్గరికి వస్తుంది. గ్రాసింగ్ టేబుల్ మీద దాన్ని కోసి, కావలసిన చోట్ల నుంచి చిన్న ముక్కలు తీస్తాం. అవి మైనంలో గడ్డకడితే బ్లాకు. టెక్నీషియన్ ఆ బ్లాకుని మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన రిబ్బన్లుగా కోసి, గాజు పలక మీదికి ఎక్కించి, రంగు వేస్తే స్లైడ్. మేం చూసేది ఆ స్లైడ్‌ని. బ్లాకులు మాత్రం ఏళ్ల తరబడి సొరుగుల్లో ఉంటాయి. ఒక్కో ఊరి ఆసుపత్రి చరిత్ర మొత్తం ఆ సొరుగుల్లో ఉందనిపిస్తుంది నాకు.

ఎండీ మూడేళ్లు. చేరిన ఆరు నెలలకే సినాప్సిస్, అంటే థీసిస్‌లో ఏం చేస్తామో చెప్పే చిన్న పత్రం, ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీ ముందు కూర్చోవాలి, టైటిల్ రిజిస్టర్ చేయించాలి. చివరి పరీక్షకి ఆరు నెలల ముందు థీసిస్ కట్టించి ఇవ్వాలి, అది ఆమోదం పొందకపోతే పరీక్షే లేదు. ఇప్పుడు దీనికి తోడు పరిశోధన పద్ధతుల మీద ఒక ఆన్‌లైన్ కోర్సు కూడా పీజీలందరికీ తప్పనిసరి. దాన్ని నడిపేది మన చెన్నైలోనే ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ. మంచి కోర్సు, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నా. పరిశోధన ప్రశ్నని ఎలా తయారుచేసుకోవాలి అన్న పాఠం మొదట్లోనే ఉంటుంది. మా పిల్లల్లో చాలామంది ఆ పాఠం వినేసరికి టైటిల్ రిజిస్టర్ అయిపోయి ఉంటుంది. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు.

చేరిన ఆరు నెలలకి పాథాలజీ పీజీకి ఏం తెలుస్తుంది? నాకైతే ప్లీహాన్ని సరిగ్గా కోయడం తెలుసు, థైరాయిడ్ స్లైడ్ చూస్తే భయం వేయడం తెలుసు. అంతే. ఆ ఆరో నెలలో రాసిన వాక్యానికి మిగతా రెండున్నరేళ్లు కట్టుబడి ఉండాలి. ఈ వ్యాసంలో నా గొడవంతా ఈ ఒక్క చోటే. థీసిస్‌తో నాకు పేచీ లేదు. టైటిల్‌ని ముందు పాతేసి, పీజీని దానికి కట్టేయడంతోనే పేచీ.

నా టైటిల్ రొమ్ము క్యాన్సర్ మీద. అరవై కేసుల్లో ఈఆర్, పీఆర్, హెర్2 (ఏ మందు పనికొస్తుందో చెప్పే, కణాల్లోని ప్రోటీన్లు) ఎంతమందికి పాజిటివో లెక్కవేయాలి. రొమ్ము క్యాన్సరే ఎందుకంటే, మళ్లీ అదే జవాబు, బ్లాకులు ఎక్కువ. 1980ల్లో చెన్నై ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మొదటి స్థానంలో ఉండేది, ఇప్పుడు ఆ స్థానం రొమ్ము క్యాన్సర్‌ది. ఈ సంగతి మనకి తెలిసిందంటే అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగు దశాబ్దాలుగా నడుస్తున్న మద్రాసు ట్యూమర్ రిజిస్ట్రీ పుణ్యమే. ఒకే ప్రశ్నని ఏటా విసుగు లేకుండా అడుగుతూ పోవడం కూడా పరిశోధనే. థీసిస్ బౌండ్లలో ఆ ఓపిక కనపడదు.

ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్. స్లైడ్ మీద ఆ పరీక్ష చేస్తే, రిసెప్టర్ ఉన్న కణాల కేంద్రకాలు గోధుమరంగులోకి తిరుగుతాయి. నూటికి ఒక్క కణం తిరిగినా పాజిటివే. పాజిటివ్ అయితే ఆ మనిషికి టామాక్సిఫెన్ లాంటి మాత్ర ఏళ్ల తరబడి పనికొస్తుంది, ఖరీదూ తక్కువే. నెగెటివ్ అని రాశామా, ఆ దారి మూసుకుపోయినట్టే. మేం రాసే ఒక్క మాట మీద అయిదేళ్ల వైద్యం ఆధారపడి ఉంటుంది.

సెకండియర్‌లో ఒక సాయంత్రం వరసగా స్లైడ్లు చూస్తున్నాను. ఒకదాంట్లో ట్యూమర్ అంతా నీలంగా ఉంది, గోధుమరంగు చుక్క లేదు. నెగెటివ్ అని రాసుకున్నాను. ఎందుకో కళ్లు పక్కకి వెళ్లాయి. ట్యూమర్ పక్కన మామూలు పాల నాళాలు ఉన్నాయి, అవీ నీలమే. అలా ఉండకూడదు. మామూలు నాళాల్లో అక్కడక్కడా కొన్ని కణాలైనా గోధుమరంగులోకి తిరగాలి. పరీక్ష పనిచేసిందని సాక్ష్యం చెప్పేవి అవే. సాక్షే నోరు విప్పలేదంటే తీర్పు చెల్లదు. వెనక్కి వెళ్లి పాత స్లైడ్లన్నీ మళ్లీ తీశాను. అలాంటివి ఇంకొన్ని దొరికాయి. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే, కానీ ఉన్నాయి.

అప్పుడు మా ల్యాబ్‌లో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు. రాయపురం తెలుగు కుటుంబం. మూడు తరాలుగా అక్కడే, మాటలో సగం అరవం కలిసిపోయేది. అందరం అన్నా అనేవాళ్లం. ఆ బ్లాకులు తీసుకెళ్లి, "ఇవి ఎందుకిలా ఉన్నాయన్నా?" అన్నాను. వేలితో ఒకసారి తడిమి, నంబర్లు కూడా చూడకుండా, "శనివారం బ్లాకులు మేడమ్ ఇవి" అన్నారు. ఎలా తెలుసంటే, "కత్తికి తెలుస్తుంది కదా. రిబ్బన్ రాదు, పొడిపొడి అవుతుంది. లోపల ఉడకలేదు."

రిజిస్టర్ తెరిచి చూశాను. దాదాపు అన్నీ శనివారం మధ్యాహ్నం ఆపరేషన్లే. అప్పటికి గ్రాసింగ్ వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. తీసిన రొమ్ముని తీసినట్టే, కోయకుండా, ఫార్మలిన్ బకెట్‌లో పడేస్తారు. ఆదివారమంతా అది అలాగే. సోమవారం పొద్దున్న మేం కోస్తాం. కాగితం మీద చూస్తే లోపమే లేదు. స్పెసిమెన్‌ని ఫార్మలిన్‌లో ఆరు గంటలకి తగ్గకుండా, డెబ్బయి రెండు గంటలకి మించకుండా ఉంచాలని 2010 నాటి అమెరికా మార్గదర్శకాల్లో ఉంది. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటిదాకా నలభై చిల్లర గంటలు, అందులోకే వస్తాయి. కానీ అదే చోట ఇంకో మాట కూడా ఉంది. తీసిన గంటలోపు, అయిదు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి మరీ ఫార్మలిన్‌లో వేయాలి. ఫార్మలిన్ గంటకి మహా అయితే మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది, కొవ్వులో ఇంకా నిదానం. బయట తోలు గట్టిపడుతుంది, మధ్యలో ఉన్న గడ్డ మద్రాసు వేడికి మెల్లగా చెడిపోతూ ఉంటుంది. అన్న "ఉడకలేదు" అన్నది అందుకే. ముప్పయ్యేళ్లుగా ఆయన చేతికి తెలిసిన సంగతి మా ఏ పుస్తకం అట్ట మీదా లేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు.

ఆ రాత్రి హాస్టల్‌లో నిద్ర పట్టలేదంటే నమ్మండి. టెన్షన్ వల్ల కాదు, సంతోషం వల్ల. మొదటిసారి ఒక ప్రశ్న నాదైంది. ఆపరేషన్ ఏ రోజు జరిగిందో దాన్ని బట్టి మా రిపోర్టు మారుతోందా?

దీన్ని తేల్చడానికి దారి కూడా మా సొరుగుల్లోనే ఉంది. వీళ్లలో చాలామందికి పెద్ద ఆపరేషన్‌కి ముందు సూదితో కోర్ బయాప్సీ చేసి ఉంటారు. అది దారప్పోగంత ముక్క. తీయగానే చిన్న ఫార్మలిన్ సీసాలో వేస్తారు, ద్రవం లోపలిదాకా త్వరగా దిగి, చెడకుండా గట్టిపడుతుంది. దాన్నే మేం ఫిక్స్ కావడం అంటాం. అదే మనిషి, అదే గడ్డ, ఫిక్స్ అయిన తీరు మాత్రమే వేరు. అంతకంటే మంచి ప్రయోగం నేను కూర్చుని ఆలోచించినా తట్టేది కాదు. అన్నని బతిమాలి ఆ కోర్ బ్లాకులు తీయించి ఈఆర్ వేయించాను. కొన్ని నీలంగానే ఉండిపోయాయి, నిజంగానే నెగెటివ్. కొన్ని గోధుమరంగులోకి తిరిగాయి.

మా గైడ్‌కి చూపించాను. మంచి మనిషి, ఈ మాట ముందే చెప్పాలి. స్లైడ్లు శ్రద్ధగా చూశారు, అప్పటికప్పుడు రిపోర్టులు సవరించమన్నారు, సర్జరీ వాళ్లకి ఫోన్ చేశారు. ఆ తర్వాత థీసిస్ సంగతి ఎత్తితే మాత్రం నవ్వి, "కండుక్కాదీంగ" అన్నారు, పట్టించుకోకమ్మా అని. "టైటిల్ రిజిస్టర్ అయిపోయింది. ఇప్పుడు మార్చాలంటే మళ్లీ కమిటీ, మళ్లీ ఫీజు, ఆరు నెలలు పోతాయి. ఆ కేసులు తీసేసి వేరేవి కలుపు. అరవై ఉండాలి అంతే." అలాగే చేశాను. నా థీసిస్ నూట పది పేజీలు. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు. అందులో నేను నిజంగా కనిపెట్టినది ఒక్కటే. దాన్ని చూడాలంటే మెథడాలజీ అధ్యాయంలో ఎక్స్‌క్లూజన్ క్రైటీరియా కింద మూడో వరస తీయాలి: "సరిగా ఫిక్స్ కాని స్పెసిమెన్లు మినహాయించడమైనది."

సవరించిన రిపోర్టుల్లో ఒకటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఒకావిడది. తెలుగువాళ్లని ఫోన్ నాకే అప్పగించారు. కొడుకు ఎత్తాడు. విషయం చెప్పాను. కాసేపు ఆగి, "అయితే మందు మారుద్దా మేడమ్?" అన్నాడు. మారదు, ఒక మాత్ర కలుస్తుంది అన్నాను. "అంతేనా" అని పెట్టేశాడు. ఆ అబ్బాయికి నా గొంతులో వణుకు వినపడి ఉండదు.

సెంట్రల్ స్టేషన్‌లో దిగిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీని చూస్తే నాకు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కి బదులు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటపడ్డ భీమవరం మనిషి. ఆ కథ మన వాళ్లందరికీ తెలుసు. అదే కథలో ఇంకో సగం ఒక పాథాలజిస్టుది, దాన్ని మనం పెద్దగా చెప్పుకోం. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజీ విభాగం అధిపతి. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన పిల్లలకి మేలు చేస్తాయనుకుని, అప్పటికి అమెరికాలో ఉన్న సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూశాడు. పిల్లలు చనిపోయారు. చనిపోయిన పిల్లల ఎముక మజ్జని, లోపలి అవయవాల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే, జబ్బు తగ్గకపోగా ఇంకా వేగం పుంజుకున్నట్టు కనపడింది. అక్కడ ఫార్బర్ ప్రశ్నని తిరగేశాడు. ఫోలిక్ యాసిడ్ జబ్బుని పెంచుతుంటే, దాన్ని అడ్డుకునే మందు ఇస్తే? ఆ మందూ సుబ్బారావు గారి బృందం దగ్గరే ఉంది, అమినాప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో పదహారు మంది పిల్లలుంటే పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ల్యుకేమియాకి మందుతో వైద్యం అన్న దారి అక్కడ తెరుచుకుంది. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే పోయారు.

ఫార్బర్ మా పీజీ అయి ఉంటే? టైటిల్: "ఎ స్టడీ ఆఫ్ ఫోలిక్ యాసిడ్ ఇన్ చైల్డ్‌హుడ్ ల్యుకేమియా ఇన్ ఎ టెర్షియరీ కేర్ సెంటర్." ఫలితం: ఉపయోగం కనపడలేదు. పి విలువ 0.05 కంటే ఎక్కువ. బైండింగ్ షాపు. శుభం.

ఈ మాట స్టాఫ్ రూములో అంటే రెండు రకాల జవాబులొస్తాయి. మొదటిది, అసలు థీసిసే తీసేయండి, మేం రిపోర్టులు రాసే డాక్టర్లం, పరిశోధన చేసుకోవడానికి తరమణిలో పీహెచ్‌డీ వాళ్లున్నారు కదా అని. దీనికి నేను ఒప్పుకోను. పీహెచ్‌డీ వాళ్ల చేతిలో మనకి లేని పద్ధతులుంటాయి, నిజమే. కానీ ముక్కని కోసేది మనం. ట్యూమర్ పక్కన నాళం నీలంగా ఉందని చూసేది మనం. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి గారు పాథాలజిస్టే. గాయిటర్ వల్ల గొంతు దగ్గర వాచిన థైరాయిడ్ గ్రంథుల్ని స్లైడ్ మీద చూడటంతో ఆగిపోలేదు. 1956లో కాంగ్రా లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపిన పరిశోధన ఆయన నాయకత్వంలో జరిగిందే. మనం ఇంట్లో వాడే ఉప్పు ప్యాకెట్ వెనక ఒక తెలుగు పాథాలజిస్టు ఉన్నాడు. రిపోర్టు రాసేవాడికి పరిశోధనెందుకు అనేవాళ్లకి వంటింట్లోకి వెళ్లి ఆ ప్యాకెట్ చూపించాలి.

రెండో అభ్యంతరం గట్టిది, నాకే చాలా కాలం జవాబు దొరకలేదు. మధ్యలో ప్రశ్న మార్చుకోనిస్తే ప్రతివాడూ ముందు లెక్కలు చూసి, ఏది బాగా కుదిరితే అదే మొదట్నుంచీ అడిగానంటాడు. అది బాణం గుచ్చుకున్న చోట గురి గీయడం కాదా? అవును, అదే. టైటిల్ ముందే రిజిస్టర్ చేయించడం వెనక ఉన్న న్యాయం కూడా ఇదే. అందుకని పాత ప్రశ్నని చెరిపేయమని నేననను. దాని జవాబూ రాయాలి, ఎక్కడ దారి మళ్లిందో తేదీతో సహా రాయాలి, కొత్త ప్రశ్నకి కొత్త కేసులు తీసుకోవాలి. మోసం ఉండేది మార్చడంలో కాదు, మార్చలేదని చెప్పడంలో. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పటి పద్ధతి ఆ మోసాన్ని ఆపుతోందా? కేసులు ఎన్ని దొరుకుతాయో ముందు చూసుకుని, దానికి సరిపోయే సాంపిల్ సైజ్ ఫార్ములాని స్టాటిస్టీషియన్ చేత వెనక నుంచి రాయించుకోని థీసిస్ నేను ఎక్కువ చూడలేదు. నాదీ అంతే. అరవై అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని వైవాలో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే నీళ్లు నమిలేదాన్ని. వాళ్లు అడిగింది ప్లేజియరిజం శాతం ఎంతని. అది తగ్గించడానికి ఒక వారం కూర్చుని "క్యాన్సర్" ఉన్న చోటల్లా "మాలిగ్నెన్సీ" అని మార్చాను, అది వేరే కథ.

కాబట్టి నేను కోరేది పెద్దదేం కాదు. మొదటి ఏడాది టైటిల్ అడక్కండి. ఆ ఏడాది పీజీ చేత ఒక నోట్‌బుక్ పెట్టించండి. మా లాగ్‌బుక్ లాంటిది కాదు. దాంట్లో ఎన్ని కోశాం, ఎన్ని చూశాం అనే ఉంటుంది. తప్పిన వాటి నోట్‌బుక్. సైనౌట్‌లో, అంటే ప్రొఫెసర్‌తో కూర్చుని స్లైడ్లు చూసి రిపోర్టు ఖాయం చేసేటప్పుడు, తను ఒకటి అనుకుంటే ప్రొఫెసర్ ఇంకోటి అన్న కేసు, స్లైడ్‌కి సర్జన్ చెప్పినదానికి పొంతన కుదరని కేసు, రంగు సరిగ్గా పట్టని బ్లాకు. ఏడాదికి అందులో పది ప్రశ్నలైనా పడతాయి. వాటిలోంచి ఒకటి ఎంచుకోనివ్వండి. అరవై కేసులే ఎందుకు, పన్నెండు చాలకపోతే చాలలేదనే రాయనివ్వండి. ఆ పన్నెండూ ఎందుకలా అయ్యాయో తెలిస్తే, సోమవారం నుంచి ఆ ల్యాబ్ వేరేలా నడుస్తుంది. ఇంకో చిన్న కోరిక: థీసిస్‌లో మొదట కృతజ్ఞతల పేజీలో అట్టడుగున ఉండే టెక్నీషియన్ పేరు మెథడాలజీలో కూడా రావాలి. నా థీసిస్‌లో అన్న పేరు కృతజ్ఞతల్లో ఉంది, అదీ స్పెల్లింగ్ తప్పుతో.

నేను ఇప్పుడు పనిచేసే చోట, ముక్కతో పాటు థియేటర్ నుంచి వచ్చే రిక్విజిషన్ ఫారంలో రెండు గళ్లు పెట్టించాను: ముక్క బయటికి తీసిన సమయం, కోసి ఫార్మలిన్‌లో వేసిన సమయం. సగం ఫారాల్లో అవి ఖాళీగానే వస్తాయి. కొన్నింటిలో రెండు గళ్లలోనూ ఒకే సమయం ఉంటుంది, అది అబద్ధమని వేసినవాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. థియేటర్‌లో ఒక నర్సమ్మ మాత్రం నిమిషాలతో సహా వేస్తుంది. ఆవిడ డ్యూటీలో ఉన్న రోజుల స్లైడ్లు చూడటం నాకు ఇష్టం.

ఆ ఫస్టియర్ అమ్మాయికి ఈ కథంతా చెప్పలేదు. ఖాళీగా వచ్చిన ఫారాల కట్ట ఇచ్చి, వారం రోజులు చూసి ఏమనిపించిందో చెప్పమన్నానంతే. అయిదో రోజుకే వచ్చింది. టైటిల్‌ని ప్రశ్నలా రాసుకొచ్చింది, చివర ప్రశ్నార్థకంతో సహా. ఆఫీసు వాళ్లు తిప్పి పంపారు, టైటిల్‌లో ప్రశ్నార్థకం పనికిరాదట. ముందు "ఎ స్టడీ ఆఫ్" తగిలించి మళ్లీ పంపాం.

రేపు శనివారం. మధ్యాహ్నం లిస్టులో రెండు మాస్టెక్టమీలు (రొమ్ము తీసే ఆపరేషన్లు) ఉన్నాయట. ఇంకు సీసా, గ్రాసింగ్ కత్తి, ఫార్మలిన్ బకెట్ పట్టుకుని థియేటర్ తలుపు దగ్గర కూర్చుంటానని చెప్పి వెళ్లింది. వాచీ పెట్టుకుని వెళ్లమన్నాను.